ఆవిరి పట్టని అద్దం

మొన్న ఒక పని మీద వెళ్ళవలసి వచ్చి, జనగామ బస్టాండులో రాని బస్సు కోసం గంటసేపు కూర్చున్నాను. ఈ వయసులో కూడా నేను బల్లకు వీపు ఆనించి కూర్చోను. మా ఇంట్లో మగపిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పింది వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం. గడి పోయింది, భూములు పోయాయి, ఆ అలవాటు మాత్రం నాతో మిగిలింది. అట్లా కూర్చుని ఉండగా ఎదుటి బల్ల మీద ఒక చిన్న వయసు తల్లి, రెండు మూడు నెలల పసిబిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని సీసాతో పాలు పడుతూ కనిపించింది. రెండు గుక్కలు లోపలికి పోయాయో లేదో, పాలు బిడ్డ ముక్కులోంచి బయటికి వచ్చాయి. ఆ అమ్మాయి ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, చున్నీ కొసతో బిడ్డ ముఖం గబుక్కున కప్పేసింది. అట్లా కప్పడం నేను ముప్పై ఏళ్ళ కిందట మా ఇంట్లోనే చూశాను.

ఆ అమ్మాయి సంగతికి మళ్ళీ వస్తాను. ముందు మా బిడ్డ సంగతి, అంతకంటే ముందు మా బిడ్డ తల్లి సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళలో ఆమె గురించి నేను నలుగురిలో ఒక మంచి మాట అన్నది లేదు. మా ఇళ్ళలో భార్యను పొగడటం మర్యాద కాదనుకునేవారు. ఆ మర్యాద వల్ల ఎవరికి ఏం ఒరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది జనగామకు ఎడ్లబండి మీద సగంపూట దూరంలో ఉన్న ఊరు. మా తాత కాలంలో ఆ ఊళ్ళో మాకు గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. ఆయన తలకు రుమాలు చుట్టుకుని గడప దాటితే, వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. అదంతా ఎట్లా పోయిందో ఈ ప్రాంతంలో నా ఈడువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. కొంత ఊరు తీసుకుంది, అంతకు మించి మావాళ్ళే పోగొట్టుకున్నారు. నేను పెద్దవాణ్ణయ్యేసరికి మిగిలినవి వెనక వైపు రెండు గదులు, ముందు పెద్ద వాకిలి, తాతగారు రుమాలు పెట్టుకునే గట్టి అట్టపెట్టె, ఒక వెండి ఉగ్గుగిన్నె, వీటన్నిటికీ మించి మా అమ్మ దర్పం. నేను భూపాలపల్లిలో బొగ్గు గనుల ఆఫీసులో గుమాస్తాగా చేరాను. రెండు గదుల క్వార్టరు, కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము. పొద్దున వేసుకున్న తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది, అయినా నేను తెల్లచొక్కానే వేసుకునేవాణ్ణి. తోటి గుమాస్తాలు నా వెనక నన్ను దొర అనుకుంటూ నవ్వుకునేవారు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ ఆ పిలుపు లోలోపల ఇష్టంగానే ఉండేది.

నా భార్యది టేకుమట్ల దగ్గరి పల్లె. రెక్కలు ముక్కలు చేసుకుని వ్యవసాయం చేసే కుటుంబం. పెళ్ళి చూపుల ముందు వారం దాకా ఆమె మడిలో దిగి నాట్లు వేసిందని మా మామగారే గర్వంగా చెప్పారు. మా అమ్మ ఆ మాటను ఏళ్ళ తరబడి మరో రకంగా చెప్పుకుని బాధపడింది. నేను కూడా, నిజం చెప్పాలంటే, ఆమె చేతుల గరుకుతనాన్ని మా బంధువుల ముందు చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి.

పెళ్ళయిన నాలుగో ఏట మాకు ఆడపిల్ల పుట్టింది. చూడటానికి ఏ లోపమూ లేదు, పెదవులు చక్కగా ఉన్నాయి, ముక్కు మా తాతగారి ముక్కు. కానీ తల్లిపాలు లాగలేకపోయేది. లాగాలని చూసి, అలిసి, ఏడ్చేది. నోట్లోకి పోయిన నాలుగు చుక్కలు కూడా ముక్కులోంచి వచ్చేవి. నెల తిరిగేసరికి పుట్టినప్పటి కంటే చిక్కిపోయింది. దవాఖానలో డాక్టరు టార్చిలైటు వేసి నోరు తెరిచి చూశాడు. అంగిలి రెండు వైపులా వచ్చి నడుమ కలవలేదనీ, నోటికీ ముక్కుకూ మధ్య ఉండవలసిన గోడ లేదనీ, ఏడాది దాటి ఒంటికి బరువూ రక్తమూ వచ్చాక ఆపరేషను చేయించాలనీ, చేయించకపోతే మాట తేటగా రాదనీ చెప్పాడు. బిడ్డ బతుకుతుందా, బతికితే మాట్లాడుతుందా అన్న రెండు ప్రశ్నలతో మేము ఆ దవాఖాన మెట్లు దిగాము.

కబురు వినగానే మా అమ్మ వచ్చింది. గ్రహణం నాడు కోడలు కత్తిపీట ముట్టిందని వచ్చీరాగానే తేల్చేసింది. నా భార్య నోరు నొక్కుకుని ఊరుకుంటుందనుకున్నాను.

"అత్తమ్మా, ఆ గ్రహణం నాడు మా ఊళ్ళె కడుపుతోటి ఉన్నోళ్లు నలుగురు కలుపుకు పోయిన్రు. వాళ్ల పిల్లలు ఇయ్యాళ రాళ్లు గూడ అరాయించుకుంటున్నరు," అని, పొయ్యి మీది పాలు దించడానికి లేచిపోయింది.

మా అమ్మ రెండో మాట, ఈ సంగతి నాలుగు గోడలు దాటవద్దని. పెదవి చీలి ఉంటే దాచలేకపోయేవాళ్ళం. అంగిలి నోటి లోపలిది కాబట్టి దాచడం సులువైంది. పేరు పెట్టే నాడు బంధువులందరి నడుమ బిడ్డ ముక్కులోంచి పాలు వస్తే, మా అమ్మ పట్టుచీర కొంగుతో ముఖం కప్పి, పడిశం పట్టిందని చెప్పింది. నేను పక్కనే నిలబడి తల ఊపాను. మా వంశంలో ఇట్లాంటిది పుట్టిందని పదిమందికీ తెలియడం నాకు కూడా ఇష్టం లేదు. మరునాడు భూపాలపల్లికి వచ్చాక నా భార్య మాత్రం వెండి ఉగ్గుగిన్నె తీసుకుని క్వార్టరు ముందు మెట్టు మీద, వచ్చేపోయే వాళ్ళందరికీ కనిపించేటట్టు కూర్చుంది. బిడ్డను మోకాలి మీద నిటారుగా ఆనించి, పిండిన పాలను గిన్నె కొమ్ముతో చెంప లోపలికి చుక్క చుక్కగా వదిలేది. ఒక గుక్క పోయాక ఆగేది, బిడ్డ మింగేది, ముక్కు తుడిచేది, మళ్ళీ వదిలేది. ఒక పూట పాలు పట్టడానికి గంటన్నర పట్టేది. ఎవరూ నేర్పలేదు, పది రకాలుగా చేసి చూసి ఆమే కనిపెట్టుకుంది. లోపల కూర్చుని పట్టవచ్చు కదా అని నేను విసుక్కుంటే, అందరికీ తెలిస్తేనే ఎవరో ఒకరు తొవ్వ చెప్తారని, దాచిపెడితే దేవుడికి కూడా కనబడదని అంది.

ఆమె చెప్పినట్టే అయింది. ఆ మెట్టు దగ్గర ఆగి, సంగతి అడిగి, జాలిపడి పోయినవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఒక గని కార్మికుడి భార్య, మానుకోటలో ఒక చిన్న దవాఖానకు ఏటా బయటి నుంచి డాక్టర్లు వచ్చి ఇట్లాంటి పిల్లలకు పైసా తీసుకోకుండా ఆపరేషన్లు చేసి పోతారని చెప్పింది. మహబూబాబాద్ అని కాగితాల మీద రాసినా మా నోటికి అది ఎప్పుడూ మానుకోటే. ఆ సాయంత్రమే నా భార్య సమ్మక్క తల్లికి మొక్కుకుంది. బిడ్డ నోరు బాగైతే బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానని. మా వైపు తల్లికి ఇచ్చే బంగారమంటే బెల్లమేనని మీకు తెలుసు. బిడ్డను తరాజులో ఒక వైపు కూర్చోబెట్టి, రెండో వైపు బెల్లం ముద్దలు పెట్టి తూచి ఇస్తారు. బరువు వస్తేనే ఆపరేషనన్న డాక్టరు మాటను, ఎత్తు బంగారాన్ని ఆమె కలిపేసుకుంది. "ఇగ సమ్మక్క తల్లి గూడ బిడ్డ లావు కావాలనే చూస్తది, బరువెక్కితే ఆమెకే కదా లాభం," అని నవ్వేది. బిడ్డ నడిచే వేళకు కూడా ఆ నవ్వు ఆమె ముఖం మీద అట్లాగే ఉంది. నాకు మాత్రం బిడ్డ నోరు తెరిచినప్పుడల్లా భయమయ్యేది. 'అమ్మ' అనేది తేటగానే. మిగతా మాటలన్నీ ముక్కులోనే ఇరుక్కుపోయేవి. బాపు అని నన్ను పిలవబోతే గాలి ముక్కులోకి జారి, పెదవులు కలిసి విడిపోయేవి, మాట మాత్రం పుట్టేది కాదు.

పదహారో నెలలో మానుకోట వెళ్ళాము. దవాఖాన ఆవరణలో వేపచెట్ల కింద పొద్దు పొడవకముందు నుంచే జనం వరుసగా కూర్చుని ఉన్నారు. అందరూ కూలీనాలీ చేసుకునేవాళ్ళు, తండాల నుంచి వచ్చినవాళ్ళు. ఒకప్పుడు మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడిన వాళ్ళ లాంటి వాళ్ళతో కలిసి, ఉచితంగా ఇచ్చేదాని కోసం, నేల మీద కూర్చోవడమా అని నా కాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయాయి. నేను రోడ్డు అవతల ఛాయ్ కొట్టులో, వేరే పని మీద వచ్చినవాడిలా పత్రిక పట్టుకుని కూర్చున్నాను. నా భార్య నా వైపు ఒకసారి చూసి, బిడ్డను భుజాన వేసుకుని పోయి వరుసలో కూర్చుంది.

ఆమెకు ముందు బయ్యారం దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక తల్లి కూర్చుని ఉందట. ఒళ్ళో చీలిన పెదవితో చిన్నవాడు, పక్కన ఆరేళ్ళ పిల్ల. ఆ పిల్లకు కూడా అంగిలి చీలికే, మూడేళ్ళ కిందట ఇక్కడే కుట్టారు. నా భార్య ఆ పిల్లను నీ పేరేంది, మీది ఏ ఊరు అని అడిగిందట. కొత్తవాళ్ళను చూసి పిల్ల తల్లి వెనక దాక్కుంది. ఇంతలో తమ్ముడు దాని జడ పట్టి లాగాడు. దాంతో ఆ పిల్ల సిగ్గూ బిడియమూ మరిచిపోయి, మొదట తమ భాషలో, తర్వాత తెలుగులో తమ్ముణ్ణి ఎడాపెడా తిట్టడం మొదలుపెట్టిందట.

"ఎంత మంచిగ తిట్టింది!" అని నా భార్య తర్వాత వందసార్లు చెప్పింది. "ఒక్క మాట ముక్కుల నుంచి రాలే. అంత తేటగ తిట్టినంక ఇగ నాకు భయమేంది?"

ఆమె నమ్మకానికి సమ్మక్క తల్లి ఎంత ఆధారమో ఆ తండా పిల్ల తిట్లు కూడా అంతే ఆధారం. పన్నెండు గంటలకు ఆమె రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది. చెమటతో రవిక తడిసి ఉంది, భుజం మీద బిడ్డ నిద్రపోతోంది.

"నా దస్కతు నడవదట. తండ్రే వచ్చి పెట్టాల్నట. మీ ఛాయ్ అయినంక జర రండ్రి, తొందరేం లేదు," అంది.

కొట్టువాడు ముసిముసిగా నవ్వాడు. నేను లేచి ఆమె వెనక నడిచాను. బల్ల దగ్గర ఒక కుర్రవాడు నా పేరును, ముందూ వెనకా ఏ గౌరవమూ లేకుండా, వేపచెట్ల దాకా వినబడేటట్టు పిలిచాడు. నేను దస్కతు పెట్టాను.

ఆపరేషను రోజు పొద్దున బిడ్డను లోపలికి తీసుకుపోయాక నేను గోడకు ఆనకుండా నిటారుగా నిలబడ్డాను, నీళ్ళు కూడా ముట్టనని పట్టుబట్టాను. నా భార్య మాత్రం బయటికి పోయి నాలుగు ఇడ్లీలు తిని, గ్లాసు నిండా ఛాయ్ తాగి వచ్చింది. కన్నబిడ్డ కత్తి కింద ఉంటే తిండి ఎట్లా దిగిందని నేను కోపంగా అన్నాను.

"రెండు దినాలు దాన్ని సంకల నుంచి దించేది లేదన్నరు. నేను కండ్లు తిరిగి పడితే మీరెత్తుకుంటరా? నమ్మినంక ఉపాసమెందుకు?" అంది.

నేను భయంతో ఉపవాసం ఉన్నాను, ఆమె నమ్మకంతో ఇడ్లీలు తింది. మూడు గంటల తర్వాత తెల్లగుడ్డలో చుట్టి, పెదవి మీద నెత్తుటి చారతో బిడ్డను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టారు. అన్నట్టే రెండు రోజులు దించలేదు. బిడ్డ నోట్లో వేలు పెట్టుకోకుండా మోచేతులు వంగకుండా పుల్లలు పెట్టి గుడ్డ చుట్టారు. నెల రోజులు గట్టి పదార్థం ఏదీ నోట్లోకి పోవద్దని, గంజి, పాలు, పలుచటి జావ తప్ప మరేదీ వద్దని ఒకటికి పదిసార్లు చెప్పి పంపారు.

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టం. అయినా రాయకపోతే ఆమె ఎట్లాంటిదో మీకు తెలియదు.

మూడు వారాలకు మేడారం జాతర వచ్చింది. జాతర రెండేళ్ళకు ఒకసారి కదా, ఈసారి తప్పితే మొక్కు రెండేళ్ళు ఆగుతుందని మా అమ్మ తొందరపెట్టింది. జాతరకు బయలుదేరే ముందు ఇంటి దగ్గరే ఎత్తు తూచి, కొబ్బరికాయ కొట్టి, ఊరివాళ్ళకు తలా కాస్త బెల్లం పంచి, మిగతాది తల్లి గద్దెకు తీసుకుపోవడం మా వైపు ఆనవాయితీ. మా ఊరి వాకిట్లో తరాజు కట్టారు. చాలా ఏళ్ళ తర్వాత ఆ వాకిలి మనుషులతో నిండింది. తరాజులో మా బిడ్డ, చేతులు రెండూ కట్టెల్లా చాపుకుని, ఊగుతూ కేరింతలు కొడుతోంది. మొదటి ముద్ద తూగినవాళ్ళ నోట్లో ఇంటి పెద్ద తన చేత్తో పెట్టాలి, మా తాత కాలం నుంచీ అది రివాజు. నా భార్య ముందే ఆలోచించి, బెల్లాన్ని నీళ్ళలో కరిగించి, గుడ్డతో వడకట్టి, ఉగ్గుగిన్నెలో పోసి నా చేతికి ఇచ్చింది. నేను దాన్ని బిడ్డ నోటి దగ్గరకు తీసుకుపోబోతుండగా వెనక నుంచి ఒక ముసలాయన నవ్వుతూ అన్నాడు.

"పానకమేంది దొరా? గడిల బెల్లానికి గూడ కరువొచ్చెనా?"

వాకిలంతా నవ్వింది. చెడ్డ నవ్వేమీ కాదు, జాతర ముందు ఉండే సంబరపు నవ్వే. కానీ నాకు చెవులు వేడెక్కాయి. నా వెన్ను దానంతట అదే నిటారైంది. ఉగ్గుగిన్నె పక్కన పెట్టి, తరాజు పళ్ళెంలోంచి నా బొటనవేలంత బెల్లం ముక్క విరిచి, మా తాత పెట్టినట్టే, అందరూ చూస్తుండగా బిడ్డ నోట్లో పెట్టాను. నా భార్య గుంపుకు అవతల కొబ్బరికాయలు అందిస్తోంది; ఆమె చూసి, దాటుకుని వచ్చేసరికి, బిడ్డ ఆ తీపిని నాలుకతో అంగిలికి గట్టిగా అదిమేసింది. తర్వాత ఏడ్చింది. బెల్లం రసంతో పాటు ఎర్రగా కారింది.

ఆమె బిడ్డను తీసుకుంది, నోట్లో వేలు పెట్టకుండా తల ముందుకు వంచి, గిన్నెతో నీళ్ళు వదిలి ముక్క బయటికి వచ్చేదాకా కడిగింది. జనం మెల్లగా జారుకున్నారు. మరునాడు పొద్దున మొదటి బస్సుకు మానుకోట పోయాము. పెద్ద డాక్టర్లు వెళ్ళిపోయారు, ఉన్నాయన చూసి, కుట్టు మధ్యలో చిన్న రంధ్రం పడిందని, అంచులు మానాలని, ఏడాది తర్వాత మళ్ళీ కుట్టాలని చెప్పాడు. తిరుగు ప్రయాణంలో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. తల్లి మనల్ని కరుణించలేదేమో అని ఏదో గొణిగాను. అప్పుడు నా భార్య అంది, కోపం లేకుండా, లెక్క తప్పిన పిల్లవాడికి చెప్పినట్టు.

"తల్లి ఇచ్చింది మంచిగనే ఇచ్చింది. మీరు దాని నోట్ల పెట్టింది బెల్లం గాదు, గడి పేరు. అది గట్టిగుంటది కదా, గుచ్చుకున్నది." బిడ్డను ఒళ్ళో సర్దుకుని, "ఏడాదే కదా. ఏడాదిల ఇంకింత బరువెక్కుతది. ఈసారి తల్లికి ఇంకా ఎక్కువ బంగారం," అంది.

ఆ ఏడాది ఆమె ఎట్లా గడిపిందో నేను చూశాను. ముద్ద పెట్టిన ప్రతిసారీ నాలుగు మెతుకులు ముక్కులోంచి వస్తే కడిగేది. పక్కింటి పిల్లలు మా బిడ్డ మాటను వెక్కిరిస్తే, వాళ్ళనే పిలిచి బెల్లం పెట్టి, దానితో ఆడుకోమని కూర్చోబెట్టేది. నెలకు ఒకసారి మానుకోటలో మాటలు నేర్పే ఒకామె వస్తుందని తెలిసి, రెండు బస్సులు మారి పోయేది. ఆ నేర్పే ఆమె ఒక చిట్కా చెప్పింది. బిడ్డ ముక్కు కింద చిన్న అద్దం పెట్టి ప, బ లాంటి అక్షరాలు పలికించాలి. గాలి ముక్కులోంచి పోతే అద్దం మీద ఆవిరి పడుతుంది, నోట్లోంచే పోతే అద్దం తేటగా ఉంటుంది. నా భార్య బొట్టు పెట్టుకునే గుండ్రటి చేతి అద్దం అప్పటి నుంచి అందుకే అయిపోయింది. రోజూ పొద్దున మెట్టు మీద కూర్చుని, అరచేతిలో దూది పింజ పెట్టి ఊదించేది, తర్వాత అద్దం పెట్టి పలికించేది. అద్దం మసకబారేది. కొంగుతో తుడిచేది. మళ్ళీ పెట్టేది. ఆఫీసుకు పోతూ నేను చూసేవాణ్ణి, ఒక్కరోజు కూడా ఆమె నిట్టూర్చడం వినలేదు.

రెండోసారి మానుకోట పోయినప్పుడు వరుసలో నేను కూర్చున్నాను, నేల మీద, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని. నా భార్య రోడ్డు అవతల ఛాయ్ కొట్టులో కూర్చుని, అక్కడి నుంచి నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పిల్లల చేతులకు కట్టే పుల్లలు ఈసారి చాలవని, గట్టి అట్ట ఉంటే తెచ్చుకోమని ముందే చెప్పి ఉన్నారు. బయలుదేరే ముందు రోజు నేను ఊరికి పోయి, తాతగారి రుమాలు పెట్టె మూతను కత్తెరతో కత్తిరించాను. ఎంత గట్టి అట్టో, కత్తెర రెండు చోట్ల మొరాయించింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. దాని అంచున ఉన్న జరీ గీత మా బిడ్డ మోచేతుల మీద మూడు వారాలు మెరిసింది. ఈసారి నెల కాదు, రెండు నెలలు బిడ్డ నోట్లోకి నా చేత్తో ఏమీ పెట్టలేదు. ఆమె వద్దనలేదు, నేనే పెట్టలేదు.

అద్దం ఆటలు మళ్ళీ మొదలయ్యాయి. వారాలు గడిచాయి, మసక తగ్గుతూ వచ్చింది. ఒక పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె నన్ను పిలిచి మెట్టు మీద ఎదురుగా కూర్చోమంది. అద్దం బిడ్డ ముక్కు కింద పెట్టి, వాళ్ళ బాపును పిలవమంది. బిడ్డ బుగ్గలు నింపుకుని పిలిచింది. నేను బిడ్డ ముఖం చూడలేదు, అద్దమే చూశాను. దాని మీద చిన్న మచ్చ కూడా పడలేదు. నేను ఆఫీసుకు ఆలస్యంగా పోయాను, ఎందుకని అడిగితే ఎవరికీ చెప్పలేదు. ఆ మరుసటి ఏడు వచ్చిన జాతరకు, పెరిగిన బిడ్డ ఎత్తు బెల్లం మూటను నేనే నెత్తిన పెట్టుకుని జనంలో నడిచాను. మా తాత రుమాలు చుట్టిన వంశపు తల మీద అంతకంటే మంచి బరువు ఎప్పుడూ ఎక్కలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మా బిడ్డ ఇప్పుడు గంగారం వైపు అడవి పల్లెలో బడిపంతులమ్మ. బస్టాండులో ఆ అమ్మాయి దగ్గరికి నేను లేచి వెళ్ళాను. తెలియనివాళ్ళతో మాట్లాడటం నా అలవాటు కాదు. పడుకోబెట్టి పట్టవద్దమ్మా, నిటారుగా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పట్టు అని చెబితే, ఆమె ఉలిక్కిపడి, నీకెట్ల తెలుసు తాతా అంది. నా బిడ్డకు ఉండేదన్నాను. నమ్మలేదు. ఆరోజు తండా తల్లి పక్కన ఆ పిల్ల ఉంది. నా పక్కన ఎవరున్నారు? ఫోను తీసి, బడిలో ఉన్న మా బిడ్డకు చేసి, ఆ అమ్మాయి చెవికి ఇచ్చాను. మా బిడ్డ గొంతు నాకూ వినబడేంత గట్టిది, బడిపంతుళ్ళందరిదీ అంతే.

"అక్కా, నీ మాట ఇంత మంచిగున్నది! నిజంగ నీకుండెనా?"

"రెండుసార్లు కుట్టిన్రు చెల్లె. రెండోసారి ఎందుకు కుట్టిన్రో మా బాపునే అడుగు, సిగ్గుపడుకుంట చెప్తడు," అని నవ్వింది.

ఆ అమ్మాయి అడిగింది. ముప్పై ఏళ్ళలో నేను బయట ఎవరికీ చెప్పని బెల్లం ముక్క సంగతి, పేరు కూడా తెలియని ఆ తల్లికి, జనగామ బస్టాండులో, చుట్టుపక్కల నలుగురు వింటుండగా చెప్పాను. ఆమె విని విని, చివరికి బిడ్డ ముఖం మీది చున్నీ తీసేసింది.

ఇప్పుడు రోజులు మారాయి. పుట్టిన వారంలోనే చూసి కాగితం రాసిచ్చారనీ, ఆపరేషను తేదీ కూడా ఫోనుకే వస్తుందనీ ఆ అమ్మాయి చెప్పింది. వేపచెట్ల కింద పొద్దుపొడవక ముందు కూర్చోవడం లేదు. మంచిదే. కానీ అంత జనం నడుమ కూడా ఆమె ఒక్కతే కూర్చుని ఉంది; ముందు ఒకరు, వెనక ఒకరు, తమ్ముణ్ణి తేటగా తిట్టే పిల్ల ఒకతి, ఎవరూ లేరు. నేను తప్పించుకోవాలని చూసిన ఆ వరుస మా ఆమెకు ఏమి ఇచ్చిందో నాకు ఇన్నాళ్ళకు అర్థమైంది.

ఇంటికి వచ్చి చెబితే, పళ్ళు సగం రాలిన నోటితో నా భార్య చాలాసేపు నవ్వింది. తర్వాత, అద్దం సంగతి చెప్పారా అని అడిగింది. మరిచిపోయానన్నాను. ఆపరేషనుకు పోతూ దారిలో మన ఇంటికి వచ్చి పోతానని ఆ అమ్మాయి అన్నదని చెబితే, లేచి, బీరువా అడుగు నుంచి ఆ గుండ్రటి అద్దం తీసింది. అంచుల చుట్టూ రసం రాలి నల్లబడింది. నడుమ మాత్రం, ఒక పసిబిడ్డ ముక్కు కింద పట్టేంత మేర, ఇంకా తేటగా ఉంది. కొంగుతో తుడిచి, మరిచిపోకుండా గుమ్మం పక్క గూట్లో పెట్టింది. వస్తూ పోతూ నేను అందులో చూస్తుంటాను. నా ముఖం అందులో పూర్తిగా పట్టదు. నోరు ఒక్కటే కనిపిస్తుంది.